సీసం డబ్బాలోంచి

నేను ఎఫ్‌డీజీని. పెట్ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కిస్తారే, ఆ మందును. సైక్లోట్రాన్‌లో పుట్టిన ఫ్లోరిన్-18ని గ్లూకోజుకు తగిలిస్తే నేను. ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతాను.

నా చావే నా ఉద్యోగం. చక్కెరనుకుని కణాలు నన్ను లోపలికి లాక్కుంటాయి. అరిగించుకోలేవు, వదలనూ లేవు. ఆకలెక్కువైన క్యాన్సర్ గడ్డలో బాగా పోగుపడతాను. (మెదడూ తిండిపోతే, దాని సంగతి డాక్టర్లకు తెలుసు.) అక్కడ నా ఫ్లోరిన్ పరమాణువు చస్తూ పాజిట్రాన్‌ను విసురుతుంది. అది మిల్లీమీటరు అటూ ఇటూగా ఎలక్ట్రాన్‌ను ఢీకొని, రెండూ మాయమవుతాయి. రెండు గామా కిరణాలు పుట్టి ఎదురెదురు దిక్కులకు పరుగెడతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్ల వలయానికి రెండూ ఒకేసారి తగిలితే, ఆ గీత మీదే ఎక్కడో నేను పోయానని యంత్రం రాసుకుంటుంది. అలాంటి లక్షల గీతలు కలిసి బొమ్మవుతాయి.

1976 ఆగస్టులో మనిషి ఒంట్లోకి తొలిసారి వెళ్ళిన ఎఫ్‌డీజీ, న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ నుంచి విమానంలో ఫిలడెల్ఫియా వెళ్ళింది. నన్ను మాత్రం విశాఖ నుంచి మన్యంలోని గుమ్మలక్ష్మీపురం రమ్మంటే, నాలుగు గంటల రోడ్డులో ముప్పాతిక వంతు పోతాను. రోగే రావాలి.

ఈ పొద్దున అక్కణ్ణుంచి వచ్చాడొక జాతాపు గిరిజన తాత, చీకట్లోనే బస్సెక్కి.

"ఏమైనా తిన్నావా తాతా?" అంది నర్సు, సూది చేతిలో పట్టుకుని.

"పార్వతీపురంలో టీ తాగినానమ్మా. రెండు బిస్కెట్లు."

సూది ఆగింది. తీపి పడితే ఇన్సులిన్ లేస్తుంది, నన్ను కండరాల్లోకి తోసేస్తుంది, గడ్డ మసకబారుతుంది. రేపు రమ్మన్నారు. తాతనేమీ అనలేను. ఆయన్ని పంపినవాళ్ళు చీటీ ఇంగ్లీషులో రాశారు, చదివి చెప్పినవాళ్ళు లేరు.

నన్ను సీసం డబ్బాలో పెట్టి మూలకు నెట్టారు. ఇక్కడా పాజిట్రాన్లు ఎగురుతున్నాయి, జంట కిరణాలు పుడుతున్నాయి, సీసానికి తగిలి చల్లారుతున్నాయి. రాసుకునేవాళ్ళే లేరు. 18 గంటలు గడిస్తే నాలో వెయ్యో వంతు మిగులుతుంది, అప్పుడు సిరంజి ఆసుపత్రి చెత్తలోకి. నా ఫ్లోరిన్ అంతా ఆక్సిజన్-18 అయిపోతుంది. దేన్ని కొట్టి నన్ను చేశారో, అదే! తాతకేమో రెండు పూటల కూలి పోయె, మళ్ళీ బస్సు ఛార్జీ.

డాక్టరుగారూ, చీటీ తెలుగులో రాయండి. సవర గిరిజనులకు సవర భాషలో చెప్పించండి: ఆరు గంటల ముందు నుంచీ మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు, బస్టాండు టీ అసలే వద్దు, చక్కెర జబ్బుంటే ముందే చెప్పాలి.