ఒక్క ప్రశ్నావళి, ఆరు పేపర్లు

డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లకు, గైడు గారి వాకిట్లో ఏళ్ల తరబడి చెప్పులు విడుస్తున్న పీహెచ్‌డీ స్కాలర్లకు ఉపయోగపడుతుందని ఈ విధానం రాస్తున్నాను. జనగామలో ఉన్నా, మానుకోట (మహబూబాబాద్)లో ఉన్నా, భూపాలపల్లిలో ఉన్నా ఇబ్బంది లేదు. భూపాలపల్లికి ఇంకా రైలు రాలేదు గానీ, "మహాశయా, మీ అమూల్య పరిశోధనను మాకు పంపండి" అంటూ అంతర్జాతీయ జర్నల్ వారి ఈమెయిలు మాత్రం రోజూ వస్తుంది.

కావలసినవి: ప్రశ్నావళి ఒకటి, దాన్ని నింపడానికి సెకండియర్ పిల్లలు, సీనియర్ రాసిన పాత పేపరు, ఫోన్‌పేలో కొంత డబ్బు. కొత్త ఆలోచన రుచికి సరిపడా. లేకున్నా పేపరు చెడదు.

1. విషయం ఎంచుకోవడం. తెలియనిదేదో తెలుసుకుందామని బయలుదేరకండి, ఆలస్యమవుతుంది. జవాబు తెలిసిన ప్రశ్నే వేసుకోండి. శీర్షిక చివర "ఒక పరిశీలన" అని ఉండాలి. ఆరు పేజీలు దాటితే "సమగ్ర పరిశీలన" అనవచ్చు.

2. ముక్కలు కోయడం. ఈ విద్యలో ఓరుగల్లు వారికి ఉన్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని అయిదైంది. 2019లో ములుగు కూడా వేరుపడింది. పరిపాలన ప్రజలకు దగ్గరైందో లేదో గానీ, పరిశోధన మాత్రం ఆరు రెట్లయింది. "స్వయం సహాయక సంఘాలు - జనగామ జిల్లా" అని ఒకటి రాయండి. కంప్యూటర్లో జనగామ తీసేసి మహబూబాబాద్ పెట్టండి, రెండోది సిద్ధం. ఒక్క జాగ్రత్త: పేరు మార్చాక ఓసారి చదవండి. మా మిత్రుడొకాయన చదవలేదు. భూపాలపల్లి రైల్వే స్టేషన్ ఆవరణలో వంద మంది మహిళలను ఇంటర్వ్యూ చేసినట్టు అచ్చయింది. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అచ్చువేసినవాళ్లూ చదవలేదని ఆయనకు ధైర్యం.

3. పేర్లు వేయడం. పేపరు మీద పేర్లు పెళ్లి కార్డు మీద పేర్ల లాంటివి. ముందు పెద్దలు, తర్వాత వధూవరులు, అడుగున బంధుమిత్రుల అభినందనలు. గైడు గారి పేరు మరిచిపోతే ఏమవుతుందో మేనమామ పేరు వేయని ఇంట్లో అడగండి.

4. మాటలు మార్చడం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 60 దాటితే స్కాలర్ రిజిస్ట్రేషనే రద్దు. అందుకని కాపీ కొట్టిన వాక్యంలో ప్రతి మాటకూ పర్యాయపదం వేసే సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలాంటి పేపర్లను ఏరి చూస్తే, ఇంగ్లీషులో కృత్రిమ మేధ కాస్తా "నకిలీ స్పృహ" అయింది, రొమ్ము క్యాన్సర్ "వక్షస్థల ఆపద" అయింది. మనమూ తక్కువ తినలేదు. స్వయం సహాయక సంఘాన్ని "ఆత్మ తోడ్పాటు గుంపు" అంటే ఏ యంత్రం పట్టుకుంటుంది?

5. జర్నల్ పట్టుకోవడం. 2010లో యూజీసీ ఏపీఐ అనే లెక్క తెచ్చి పేపరుకు ఇన్ని పాయింట్లని కట్టింది. అంతవరకు రాయగలిగినవాళ్లు రాశారు, తక్కినవాళ్లు పాఠం చెప్పుకున్నారు. పాయింట్లొచ్చాక అందరికీ పేపర్లు కావాలి. గిరాకీ ఉన్నచోట దుకాణం తెరుచుకోదా? ఆమోదించిన జర్నళ్ల జాబితా అని ఒకటి పెట్టి, 2018 మేలో అందులోంచి 4,305 పేర్లు ఒక్కసారే కొట్టేశారు. 2019లో కేర్ జాబితా తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేశారు. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు వేసి తీరాలన్న షరతును 2022లోనే తీసేశారు గానీ, ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నాక "ఎన్ని పేపర్లు?" అనే అడుగుతారు, "ఏం రాశారు?" అనరు.

ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందో లేదో చూసుకుంటే చాలు. అది పత్రికను గుర్తుపట్టే ఎనిమిదంకెల నంబరు మాత్రమేనని చాదస్తులు అంటారు. నంబర్ ప్లేటు ఉన్న బండికల్లా బ్రేకులుంటాయా అని కూడా అంటారు. వినకండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ నిపుణుల సమీక్ష విషయంలోనూ, ఫీజుల విషయంలోనూ రచయితలను మోసగించిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన ఊరి పేరు అంత దూరం వెళ్లడం గర్వకారణం కాదా?

6. సమీక్ష. మధ్యాహ్నం పంపితే రాత్రి భోజనాల వేళకు "అంగీకరించాం" అని వస్తుంది, కింద ఫీజు వివరాలుంటాయి. ఆశ్చర్యపోవద్దు. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి, తప్పులు కావాలనే పెట్టిన ఉత్తుత్తి క్యాన్సర్ మందు పేపరును 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు సరే అన్నాయి. మీ పేపర్లో తప్పులు కావాలని పెట్టినవి కూడా కాదు. భయం దేనికి?

7. ఉల్లేఖనలు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. అంతే.

ముఖ్యమైన హెచ్చరిక. మానుకోటలో రైలు దిగినప్పుడు కురవి వైపు మాత్రం వెళ్లకండి. వెయ్యేళ్లు దాటిన కొరవి శాసనం ఆ ఊరిదే. తెలుగు వచనం తొలినాళ్లలో ఎలా ఉండేదో చెప్పే కొద్దిపాటి రాళ్లలో అదొకటి. దానికి డీఓఐ లేదు. ఇనుగుర్తికీ వెళ్లకండి. ఒద్దిరాజు సోదరులు 1922లో ఆ పల్లెలోనే ప్రెస్సు పెట్టుకుని "తెనుగు" అనే పత్రిక నడిపారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సున్నా. రేగొండ దగ్గర పాండవుల గుట్ట మీద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. కింద రచయితల పేర్లు లేవు, ఎవరికి పాయింట్లు వేస్తారు?

ఇవేవీ ప్రమాదం కాదు. ఆ శాసనం ముందు కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే పొద్దు గుంకుతుంది. ఈ మాట ఇక్కడ ఇలా ఎందుకుందని ఒక సందేహం పుడుతుంది. అదే ప్రమాదం. ఆ ప్రశ్నను సెకండియర్ పిల్లలకిచ్చి నింపించలేరు, జిల్లా పేరు మార్చి మళ్లీ వాడుకోలేరు. ఏళ్లు గడిచినా పేపరు ఒక్కటే వస్తుంది.