డాక్టరు లేరు, డికాషనుంది

కోనసీమలో మానసిక వైద్యుల కొరత ఉందని పుకారు పుట్టించిందెవరండీ? తెల్లారకముందే అమలాపురం గడియార స్తంభం దగ్గర నిలబడి నాలుగు వైపులా చూడండి. అక్కడ కుదరకపోతే కొత్తపేట సెంటర్లో చూడండి, రాజోలు బస్టాండు దగ్గర చూడండి. నాలుగున్నరకల్లా స్టవ్వు వెలుగుతుంది, ఓపీ మొదలవుతుంది. చీటీ రాయించుకోనక్కర్లేదు, వరసలో కూర్చోనక్కర్లేదు, "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అడిగేవాడు లేడు. ఫీజు పది రూపాయలు. చేతిలో లేకపోతే ఖాతా. రోగి ఎవరైనా మందొక్కటే. జబ్బు ముదిరిందనిపిస్తే అందులో అల్లం దంచి వేస్తారు.

ఆ ఓపీకి రోజుకి ఏడెనిమిదిసార్లు వచ్చే రోగి మీకు తెలిసినవాడే. వీధికొకడుంటాడు. తెలివికి లోటు లేదు. అంబాజీపేటలో కొబ్బరి ధర వచ్చేవారం ఎటు పోతుందో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మొన్న దింపు తీయించిన తన కాయలకి ఎవరి దగ్గర డబ్బు రావాలో మాత్రం గుర్తుండదు. కరెంటు బిల్లు కట్టొస్తానని బయల్దేరతాడు, దారిలో ఎవరో బండి ఎక్కించుకోమంటే రావులపాలెం దాకా దిగబెట్టి వస్తాడు. బిల్లు చొక్కా జేబులోనే ఉంటుంది, సాయంత్రం ఆ చొక్కా ఉతుకుడికి పోతుంది. అలాగని పనికిరానివాడు కాదు. గోదారికి వరదొస్తే లంకల్లోకి పడవేసుకుని అందరికంటే ముందు పోయేది వాడే. పెళ్లిలో వెయ్యిమందికి వడ్డన ఒంటిచేత్తో నడిపిస్తాడు. మర్నాడు షామియానా లెక్క కూర్చుని చూడరా అంటే మనిషి కనపడడు.

"బాబాయ్, స్ట్రాంగుగా ఒకటి."

"ఇప్పుడే కదరా తాగావు."

"తాగానా?"

"గ్లాసు నీ చేతిలోనే ఉంది."

చిన్నప్పుడు మాస్టారు ప్రోగ్రెస్ కార్డులో "తెలివైనవాడు, కుదురు తక్కువ" అని రాసి చేతులు దులుపుకున్నారు. నాన్నగారు బద్ధకమన్నారు. బామ్మగారు శని అన్నారు, శనివారం పూట మందపల్లి తీసుకెళ్లి తైలాభిషేకం చేయించారు. శనికి నూనె, వీడికి టీ. వీడికి నలభై దాటాయి, రెండు వైద్యాలూ నడుస్తూనే ఉన్నాయి.

డాక్టర్లు దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు, అంటే శ్రద్ధాలోపం, అతి చురుకుదనం. భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేని కుర్రాడి మీద హాఫ్‌మన్ అనే జర్మన్ డాక్టరు 1840ల్లోనే పిల్లల కోసం పద్యం కట్టాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఉపన్యాసాలిచ్చాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఇది పిల్లల జబ్బని, మీసాలొస్తే అదే పోతుందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. 2013లో అమెరికా మనోవైద్యుల లక్షణాల పుస్తకం ఐదో కూర్పు వచ్చేసరికి పెద్దవాళ్ల లెక్క విడిగా చెప్పారు: పదిహేడేళ్లు నిండినవాళ్లకి ఐదు లక్షణాలు చాలు, కానీ వాటి జాడ పన్నెండేళ్లలోపే కనబడి ఉండాలి. అంటే మాస్టారు రాసిన ఆ ఒక్క ముక్కే ఇవాళ డాక్టరుకి కావలసిన సాక్ష్యం. కార్డేదీ అంటారా? భద్రంగా ఎక్కడో పెట్టాడు. ఎక్కడన్నదే గుర్తులేదు.

పేరు వింటే వీడికి శ్రద్ధే లేదేమో అనిపిస్తుంది. శ్రద్ధకేమండీ, కాటన్ దొర కాలవలో నీళ్లలా బోలెడుంది. లాకుల దగ్గర తలుపులెత్తి దించే మనిషే డ్యూటీలో ఉండడు. ఒక చేను మునిగిపోతుంది, పక్క చేను బీటలు వారుతుంది.

"మరి టీ తాగితే పనవుతోంది కదండీ?" అంటారు. అవుతుంది. వాడు అబద్ధమాడట్లేదు. 1819లో రుంగె అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త, మహాకవి గేథే చేతికిచ్చిన కాఫీ గింజల్లోంచి కెఫీన్‌ని విడదీశాడు. మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో ఎడినోసిన్ పోగవుతూ, ఇక చాలించమని చెబుతూ ఉంటుంది. కెఫీన్ వెళ్లి ఆ మాట చేరకుండా అడ్డం కూర్చుంటుంది. ఆ సందులో డోపమైన్ పనికీ కాస్త ఊతం దొరుకుతుంది. ఓ గంటో రెండు గంటలో బుర్ర సర్దుకున్నట్టే ఉంటుంది. అక్కడితో ఆగితే నాకీ రాతపని తప్పేది.

ఆగరు కదా! 1973లో ష్నాకెన్‌బర్గ్ అనే అమెరికా డాక్టరు, కుదురులేని పిల్లలకి మాత్రల బదులు కాఫీ పోస్తే పని చేస్తోందని వైద్య పత్రికలో రాశాడు. అంతకంటే శుభవార్త ఏముంటుంది? ఏది మందో ఏది ఉత్తుత్తిదో ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తెలియకుండా పెట్టి పరీక్షించేసరికి, 1975 నాటికే ఆ మహిమ ఆవిరైపోవడం మొదలైంది. 2023లో అలాంటి పరీక్షలన్నీ ఒకచోట చేర్చి లెక్కగడితే, పిల్లల్లో కెఫీన్‌కీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. పెద్దవాళ్ల మీదైతే గట్టి పరీక్షలే అరుదు. యాభై ఏళ్ల నాటి శుభవార్త మాత్రం సెల్‌ఫోన్లలో ఇంకా వేడివేడిగా తిరుగుతోంది. "కాఫీ తాగితే నిద్రొస్తోందా? మీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే!" అని ముప్పై సెకన్ల రీలొకటి. చూసేవాడు పదో సెకనులో పక్క రీలుకి దూకాడు, అదీ లక్షణమేనట. రాత్రి రెండింటిదాకా ఫోను నొక్కి పొద్దున్న కాఫీ తాగి కునికేవాడికి డాక్టరెందుకండీ, దుప్పటి చాలు.

ఇక డాక్టరు రాసే మాత్ర సంగతి. మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ రసాయనికుడు పనిజ్జోన్ తయారుచేశాడు. టెన్నిస్ ఆడబోయేముందు ఆయన భార్య అది వేసుకునేదట. ఆవిడ ముద్దుపేరు రీటా, మందు పేరు రిటాలిన్. భార్య పేరు గుడికీ పడవకీ పెట్టినవాళ్లని చూశాం గానీ మందుకి పెట్టినవాడు ఆయనొక్కడే అనుకుంటాను. ఆ దంపతులు మన వైపు పుట్టకపోవడం వాళ్ల అదృష్టం. కోడలు బుర్రకి మాత్ర వేసుకుంటోందన్న వార్త బోడసకుర్రు వంతెన దాటేలోపు పుట్టింటివాళ్లకి కబురెళ్లేది.

అయినా ఎవడో ధైర్యం చేసి కాకినాడో విశాఖపట్నమో పోయి రాయించుకొచ్చాడనుకోండి. టీ కొట్టు బెంచీ మీద నోరుజారాడా, అయిపోయాడు.

"మాత్రలేంట్రా? ఎన్నాళ్లు మింగాలంట?"

"చూసి చెబుతారంటండి."

"అలవాటైపోద్దిరా అబ్బాయ్. ఇంక మానలేవు. నా మాటిని గోదాట్లో పారెయ్. ఒరేయ్, నాకింకోటి పొయ్యరా, ఇది పడకపోతే మధ్యాన్నానికి తల పగిలిపోద్ది."

మన భయం అంతా కొలత మీదేనండి. మాత్ర అట్ట మీద పది మిల్లీగ్రాములని అచ్చేసి ఉంటుంది కాబట్టి అది మత్తుమందు. గ్లాసులో ఎంతుందో పోసినవాడికీ తెలీదు కాబట్టి అది ఆతిథ్యం. "ఇందులో కెఫీన్ ఎంతుంటుందండి?" అని అడిగి చూడండి. "పాలు గేదెవేనండి, ఆయ్!" అంటాడు. ఆకలి తగ్గిందా, గుండె దడుందా, బీపీ ఎంతుంది అని మాత్ర రాసినాయన అడుగుతాడు, సరిపడకపోతే మార్చి ఇంకోటి రాస్తాడు. ఎనిమిదో గ్లాసు పోసినాయన ఇంకో బిస్కెట్ కావాలా అంటాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా పరవాలేదని అమెరికా ఎఫ్‌డీఏ లెక్క. మనవాడు ఆ లెక్క పాటించాలంటే తాగినవి గుర్తుండాలి. గుర్తుంటే టీ దేనికి?

పైగా తాగిన కెఫీన్‌లో సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి గ్లాసులో సగం రాత్రి పదకొండింటికీ ఒంట్లోనే కూర్చుని ఉంటుంది. ఈ తరహా మనుషుల్లో చాలామందికి అసలే నిద్ర ఆలస్యం. పన్నెండయింది, ఒంటిగంటయింది, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. పొద్దున్న లేచేసరికి చిరాకు, మతిమరుపు, చూపు ఒకచోట నిలవకపోవడం. ఏ బాధ తీరుతుందని నిన్న తాగాడో ఆ బాధే వడ్డీతో సహా గుమ్మంలో ఉంది. దానికి మందేంటి? మళ్లీ అదే కొట్టు.

కుర్రకారుకి టీ పాతబడింది. వాళ్లకి కిరాణా కొట్టు ముందు రంగురంగుల సీసాలు. శక్తి పానీయాల్లో లీటరుకి 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి తగదని సీసా మీద రాయాలి. రాశారు. చీమకి ఇంగ్లీషొస్తే చదువుకోవచ్చు. పదో తరగతి కుర్రాడు పరీక్ష ముందురోజు చిల్లరిచ్చి కొనుక్కుంటాడు, వయసడిగే దిక్కు లేదు. వాళ్ల నాన్న డాక్టరు చీటీ పట్టుకుని మిథైల్‌ఫెనిడేట్ అడిగితే మాత్రం షాపాయన కళ్లద్దాలు సవరించుకుని, చీటీని వెలుతురుకి పెట్టి చూసి, గొంతు తగ్గించి "లేదండి" అంటాడు. ఆయన జాగ్రత్త ఆయనది, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉన్న మందది. సీసాకే ఏ జాబితా లేదు.

ఇంతసేపూ వాడు, వీడు అనే రాసుకొచ్చాను, టీ కొట్టు బెంచీ మీద ఆడవాళ్లు కూర్చోరు కాబట్టి. ఆ పది రూపాయల వైద్యానికీ వాళ్లు నోచుకోలేదు. పొయ్యి మీద పాలు పెట్టి, ఆరేసిన బట్టలు తీద్దామని పెరట్లోకెళ్లి, అక్కడ కరివేపాకు కనబడితే రెండు రెబ్బలు కోసి, గోడవతల పిన్నిగారికిచ్చి, పిల్లాడి ఫీజుకి ఇవాళే ఆఖరని గుర్తొచ్చి ఆవిడ లోపలికి పరిగెత్తుకొచ్చేసరికి పాలు గట్టంతా పారుతున్నాయి. అత్తగారు వైద్యశాస్త్రం చదవకపోయినా రోగం పేరు చెప్పేస్తారు: పరధ్యానం. మగపిల్లాడు బెంచీలెక్కి దూకితే మాస్టారి కళ్లబడుతుంది. ఆడపిల్ల కిటికీలోంచి కొబ్బరాకులు చూస్తూ కూర్చుంటే "బుద్ధిమంతురాలు" అని రాస్తారు. అందుకే ఆడవాళ్లలో ఇది తేలేది తక్కువ, తేలినా ఆలస్యం. ఆవిడకి దొరికే మందు, అందరికీ పోయగా ఫిల్టరు అడుగున మిగిలిన రెండో డికాషన్. నిలబడే తాగుతుంది. సగం తాగి గ్లాసెక్కడో పెడుతుంది. మూడోనాడు అది బియ్యం డబ్బా మీద మీగడ కట్టి దొరుకుతుంది, దానికో పాట వింటుంది.

ఇది కుటుంబాల్లో దిగి వచ్చే తీరు ఎక్కువని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. డల్లాస్‌లో మనవడు క్లాసులో కుదురుగా లేడని టీచరు చెబితే పరీక్ష చేయించారు. పేరు తేలింది. అక్కడి డాక్టరు పిల్లాడి కాగితాలు రాస్తూ రాస్తూ, మూడోసారి కారు తాళాలు వెతుక్కుంటున్న తండ్రి వైపు చూశాడు. తండ్రి ఆలోచనలో పడి కొత్తపేటకి ఫోను చేశాడు. "నాన్నగారూ, చిన్నప్పుడు మీకూ..." "నాకేంట్రా, నిక్షేపంలా ఉన్నాను. లైన్లో ఉండు, టీ చెబుతాను." పెద్దాయన టీ చెప్పడానికెళ్లి ఫోను సంగతి మర్చిపోయారు. ఒకే నెత్తురు. డల్లాస్‌లో దానికి పేరుంది, కొత్తపేటలో టీ ఉంది.

డాక్టర్లెందుకు లేరంటే, ఉన్నారు. లక్షమందికి ముగ్గురు మనోవైద్యులుండాల్సిన చోట మన దేశంలో 0.75 మంది ఉన్నారని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. అంటే ముప్పాతిక డాక్టరు. ఏ పాతిక తగ్గిందో సంఘం చెప్పలేదు. రాజోలు బస్సెక్కే కాళ్లే అయ్యుంటాయి. ఈలోపు ఫోను చేయమని 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలీమానస్ పెట్టారు. మంచిదే, మాట్లాడేవాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. కానీ మనకి తీరికేదీ? కోనసీమ జిల్లా పుట్టింది ఆ ఏడాది ఏప్రిల్లోనే. పుట్టిన యాభై రోజులకి, పేరేమిటన్న దాని మీద మే 24న అమలాపురంలో మంత్రిగారి ఇల్లు తగలబెట్టేంత శ్రద్ధ చూపించాం. శ్రద్ధ నిలవని జబ్బు కోనసీమకి ఉందంటే నేనొప్పుకోను.

అందుకని అధికారులకి నాదొకటే మనవి. ఎప్పుడైనా ఆ ముప్పాతిక డాక్టరుగారు మన వైపొస్తే, స్కానింగులూ రక్తపరీక్షలూ రాయొద్దనండి. వాటితో ఇది తేలదు. ముందు టీ కొట్టు ఖాతా పుస్తకం తెప్పించుకోమనండి. తారీఖు, పూట, ఎన్ని గ్లాసులు, అల్లం వేశారా లేదా. జిల్లా మొత్తమ్మీద ఇంత శ్రద్ధగా రాసిన కేసు షీటు ఇంకోటి లేదు. మనవాడి పేజీ అడుగున ఎర్ర సిరాతో ఒక వాక్యం కూడా ఉంటుంది: "రెండు నెలల బాకీ. అడిగితే నిన్ననే ఇచ్చేశానంటున్నాడు."