ప్లగ్గు సాక్ష్యం

1990ల మాట. అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి పక్కన షెడ్డు వేసుకున్న మెకానిక్‌ని ఊరంతా ‘భాయ్’ అనేది. బండి తెచ్చినవాడు రోగాలన్నీ ఏకరువు పెడుతుంటే ఆయన చెవినేసుకునేవాడు కాదు. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఎండకేసి తిప్పి, పింగాణీ కొస చూసేవాడు. కాఫీపొడి రంగు ఉంటే గాలీ పెట్రోలూ పాళ్లు కుదిరినట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతున్నట్టు. అలాగే తోలితే పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. పొడిమసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ పూడుకుంది. తడిజిడ్డయితే ఆయిలు చేరుతోంది.

ఆ వేసవిలో ఏ బండి విప్పినా మసే! ఫిల్టర్లు శుభ్రంగానే ఉన్నాయి, జెట్లు కంపెనీవే, చోక్ ఎక్కడా ఇరుక్కోలేదు. అన్నిటికీ కలిసిన సంగతి ఒక్కటే, పెట్రోలు పోయించుకున్నది ఎదుటి బంకులో.

“కిరసనాయిలు కలుపుతున్నారు. అది పెట్రోలంత త్వరగా ఆవిరవదు, సగం మండి మసవుతుంది” అన్నాడు భాయ్, టీ కొట్టులో కూర్చుని. టీ కొట్టులో అంటే ఊళ్లో అన్నట్టే. రేషన్ కిరసనాయిలు ధరకీ పెట్రోలు ధరకీ ఉన్న తేడా ఆ రోజుల్లో ఎంతమంది బుద్ధుల చేత గడ్డి తినిపించిందో!

మర్నాడే బంకు ఆసామి తన ఆర్‌ఎక్స్ 100 మీద దిగాడు.

“ఏం భాయ్, నా పెట్రోలు మీద దండోరా వేస్తున్నావంట? ఇదిగో నా బండి, విప్పు. మసి ఉంటే బంకు మూసేస్తా. లేకపోతే నీ షెడ్డు లేపేస్తా.”

జనం మూగారు. భాయ్ తొణకలేదు.

“ఇప్పుడు విప్పితే న్యాయం కాదు సార్. బజార్లో నిదానంగా తిరిగిన బండికి ఎవరిదైనా కాస్త మసి ఉంటుంది. కొత్త ప్లగ్గు వేస్తా. హైవే ఎక్కి ఫుల్ త్రాటిల్‌లో లాగండి. షెడ్డు దగ్గరికొచ్చేదాకా తగ్గించకండి, రాగానే క్లచ్ పట్టి కీ తిప్పేయండి. అప్పుడు ప్లగ్గు మీద ఉండేది అసలు రంగు.”

ఆసామి తక్కువ తిన్నాడా? చాలా దూరమే లాగించి, చెప్పినట్టే క్లచ్ పట్టి దొర్లుకుంటూ వచ్చి ఆగాడు. భాయ్ ప్లగ్గు విప్పాడు. నికార్సయిన కాఫీపొడి రంగు. మసి చుక్కయినా లేదు.

భాయ్ మొహం వాడిపోయింది. “ఈ పెట్రోలుకు వంక పెట్టలేను సార్” అన్నాడు. ఆసామి జనం వైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు.

ఆ ఊపులోనే కిక్కు కొట్టాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. టాంకు ఊపి చూస్తే చప్పుడే లేదు, రిజర్వ్ కూడా హైవేకే అర్పణమైంది.

షెడ్డు కుర్రాడు సీసా అందుకున్నాడు. “ఎదురుగానే కదా సార్, మీ బంకులో లీటరు పట్టుకొస్తా” అంటూ ఉరకబోయాడు.

ఆసామి వాడి చొక్కా పట్టుకుని ఆపాడు. చేతిలో నోటు కుక్కి, జనం ఇంకా కదల్లేదన్న సంగతే మరిచిపోయి అన్నాడు:

“అక్కడొద్దురా! సైకిలేసుకుని ఊరవతల బంకుకెళ్లు. ఈ బండికి అదే పడుతుంది.”