తెరచాపకు సెలవు

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి పడమటి కొసన లబువాన్ బాజో అనే రేవు ఉంది. కొమోడో దీవుల చుట్టూ మూడు పగళ్ళు, రెండు రాత్రులు తిప్పి చూపించే ‘పినిసి’ ఓడలు అక్కడి నుంచే బయల్దేరతాయి. వాటి ప్రకటనలు ఊరించేది విశ్రాంతి పేరు చెప్పే. కానీ ఆ ప్రయాణాల దినచర్య నిదానంగా చదివితే, ఓడ మొత్తంలో విశ్రాంతి దక్కేది తెరచాపలకేనని తేలుతుంది. రెండు స్తంభాలు, ఏడు తెరచాపలు పినిసి లక్షణం. దక్షిణ సులవేసిలోని బులుకుంబా వడ్రంగులు ముందు పలకలు పేర్చుకుని, ఆ తర్వాతే లోపల పక్కటెముకలు అమర్చి ఈ ఓడలు కడతారు. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాకెక్కించింది. ఇంత మర్యాద పొందిన తెరచాపలు ఇప్పుడు ఎక్కువగా ఫొటోల వేళకే విచ్చుకుంటాయి. కిటికీ పరదాల్లా పక్కకు లాగే ఏర్పాటు గనక ఆ ముచ్చట ఇట్టే తీరిపోతుంది. చాకిరీ అంతా కింద డీజిల్ ఇంజనుది.

ఇంజను తర్వాత ఎక్కువ కష్టపడేది ప్రయాణికుడు. పడార్ దీవి కొండ మీంచి సూర్యోదయం చూడాలంటే చీకటితోనే లేచి మెట్లెక్కాలి. ఇంట్లో కాఫీ మంచం దగ్గరికి తెచ్చి పిలిచినా లేవనివాడు ఇక్కడ డబ్బు కట్టి మరీ లేస్తాడు. దిగీ దిగగానే గులాబి రంగు ఇసుక, ఆ వెంటనే నీళ్ళలో మాంటా చేపలు, అవి అయ్యాక అసలు మొనగాడు కొమోడో డ్రాగన్. మూడు మీటర్ల దాకా పెరిగే ఆ బల్లిని చూడాలంటే, చివర చీలిన కర్ర పట్టుకున్న గార్డు వెనకాల గుంపు విడవకుండా నడవాలి. మనిషిని ఇంత అప్రమత్తంగా ఉంచే విశ్రాంతి మరెక్కడా దొరకదు. ఆ బల్లి మాత్రం ఒక్క భోజనంలో తన బరువులో 80 శాతం దాకా మింగేసి, అరిగేదాకా హాయిగా పడి ఉంటుంది. సెలవును సక్రమంగా గడిపే ప్రాణి ఆ చుట్టుపక్కల అదొక్కటే. పొద్దు గూకాక కలోంగ్ దీవి మడ అడవిలోంచి పెద్ద గబ్బిలాలు వేలాదిగా రాత్రి డ్యూటీకి బయల్దేరతాయి. వాటికీ హాజరు వేయించుకోవాల్సిందే.

తప్పు దీవులది కాదు, ఇంజనుది. అది ఓడకు వేగంతో పాటు టైంటేబుల్ కూడా తెచ్చిపెట్టింది. 1856 డిసెంబరులో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త మకస్సర్ నుంచి ఆరూ దీవులకు స్థానికుల తెరచాప ఓడలో వెళ్ళాడు. పోయేటప్పుడు పడమటి గాలి, వచ్చేటప్పుడు తూర్పు గాలి; గాలి మళ్ళేదాకా నోరు మూసుకుని ఉండటమే. తిరిగొచ్చేసరికి మరుసటి ఏడు జులై. ఓడలో ఆయన గదికి వెదురు బద్దల నేల, నిటారుగా నిలబడలేనంత తక్కువ ఎత్తు. అయినా సముద్రం మీద అంత హాయైన చోటు తనకెన్నడూ దొరకలేదని రాసుకున్నాడు. దీవిలో దిగాక పురుగుకాట్లకు కాళ్ళు పుండ్లుపడి మూలబడ్డాడు కదా అంటారా? నేను పొగిడేది ఓడను, దిగాక పడిన పాట్లను కాదు.

గాలిని నమ్ముకుంటే ప్రాణం మీదికి రాదా అన్నది గట్టి ప్రశ్నే. మన కోరంగి రేవు నుంచి తెరచాప ఓడల్లో బర్మా దారి పట్టినవాళ్ళెవరూ దాన్ని విహారయాత్ర అనలేదు. ఆ రేవునే 1839 తుఫాను తుడిచిపెట్టింది. కొమోడో జలసంధుల్లో ప్రవాహాల జోరు కూడా తక్కువేం కాదు. కనుక ఆపదకు ఇంజను ఉండాల్సిందే. సూర్యుడితో అపాయింట్‌మెంటు నిలబెట్టుకోవడానికి మాత్రం అది అక్కర్లేదు. ఇక సెలవుల సంగతి. ‘గాలి ఇంకా మళ్ళలేదు, మరో మూడు నెలలు పొడిగించగలరు’ అని చీటీ పంపితే ఏ మేనేజరూ ఒప్పుకోడు, నిజమే. అందుకే నేను అడిగేది మూడు రోజుల్లో ఒక్క రోజు. ఇరుకు జలసంధులు దాటాక ఇంజను ఆపి, ఏడు తెరచాపలూ విప్పి, గాలి ఎంత దూరం తీసుకెళ్తే అంతే వెళ్ళాలి. ఆ రోజు ఏమీ చూపించలేదు గనక టికెట్ తగ్గించమని బేరమాడేవాళ్ళు తప్పకుండా ఉంటారు. నన్నడిగితే ఆ రోజుకే రేటు పెంచాలి.