మసాయి మారా పోయేవాళ్లు ముందు కొండగట్టు ఎక్కండి

ఆఫ్రికా సఫారీకి టికెట్లు తీసుకున్నారా? సంతోషం. డబ్బు ఎలాగూ కట్టేశారు కాబట్టి ఇప్పుడు చెప్పినా నష్టం లేదు: మీకు ఆ పని రాదు. అడవి జంతువును చూడటం కూడా ఒక పనేనని, దానికి చెయ్యి తిరగాలని మనవాళ్లు ఒప్పుకోరు. ఈత రానివాడు గోదావరిలో మెడలోతుకు దిగడు. పెరట్లో ఉడుతను ఒక్క నిమిషం కుదురుగా చూడలేని మనిషి మాత్రం లక్షలు పోసి సింహాన్ని చూడటానికి విమానం ఎక్కుతాడు. 2025లో రాజమౌళి షూటింగుకు కెన్యా పోయిన దగ్గర నుంచి మా జగిత్యాల వైపు కూడా ఈ ముచ్చట ఎక్కువైంది.

అందుకే నా సలహా. మారాకు పోయే ముందు కొండగట్టు ఎక్కండి. కరీంనగర్‌లో జగిత్యాల బస్సు పట్టుకుంటే ముప్పై అయిదు కిలోమీటర్లు. పాస్‌పోర్టు అడగరు. ఈ మాట మొదట చెప్పింది మా బావకు. దుబాయిలో ఇరవై ఏళ్లు కష్టపడి వచ్చి, అక్కను తీసుకుని కెన్యా పోతానని కూర్చున్నాడు. విని నవ్వాడు. "కోతులను చూసుడు గూడ నేర్చుకోవాల్నా బామ్మర్దీ?" అన్నాడు. ఆయన సంగతి చివర చెప్తాను.

ముందు సఫారీ అన్న మాటకు బెదరడం మానండి. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం. అరబ్బీ నుంచి అక్కడికి చేరింది. అదే అరబ్బీ మాట ఉర్దూ మీదుగా మనకు సఫర్ అయింది. నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్న మా తాత వేములవాడ పోయినా సఫరే అనేవాడు. రాజన్నకు కోడె కట్టి, కొండగట్టు అంజన్న దగ్గర కొబ్బరికాయ కొట్టి, ధర్మపురిలో గోదావరి స్నానం చేసి ఇల్లు చేరే మన పాత తిరుగుడు భాష లెక్కన చూస్తే సఫారీయే. టోపీ ఒక్కటే తక్కువ. సఫారీ డ్రెస్సు సంగతంటారా, అది వేసుకున్న హెడ్మాస్టర్లను చూసి పెరిగిన తరం మాది. వాళ్లు వరండాలోకి వస్తే మేం జింకల్లా చెదిరిపోయేవాళ్లం.

ఇక గట్టు మీదికి. ఇక్కడ మొదటి సఫారీ చేసిన మనిషి సింగం సంజీవుడు. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట అంటారు. కొడిమ్యాల పరగణాలో పశువులు కాసుకునేవాడు. మందలో ఒకటి తప్పిపోయింది. ఆవు అని కొందరు చెప్తారు, బర్రె అని కొందరు. నేను బర్రె పక్షం, కారణం తర్వాత చెప్తాను. వెతికి వెతికి అలసిపోయి చింతచెట్టు నీడన పడుకున్నాడు. కలలో ఆంజనేయస్వామి కనబడి, తాను కోరంద పొదలో ఉన్నానని, ఎండకూ వానకూ ముళ్లకూ అడ్డం ఏదైనా కట్టమని అడిగి, తప్పిపోయిన పశువు జాడ కూడా చూపించాడట. లేచి చూస్తే రెండూ నిజమే. ఒక పక్క నారసింహ ముఖం, ఒక పక్క ఆంజనేయుడి ముఖం ఉన్న ఆ స్వామికే ఇప్పుడు మనం దండం పెడుతున్నాం.

భక్తి సంగతి మీ ఇష్టం, సంజీవుడి పద్ధతి మాత్రం గమనించండి. వెతికింది పశువును, దొరికింది దేవుడు, పశువు కొసరుగా వచ్చింది. అదీ చెట్టు కింద కదలకుండా పడుకున్నప్పుడు. జీపులో లేచి నిలబడి "ఏది, ఏడుంది, నాకు కనబడ్తలేదు" అని అరిచినప్పుడు కాదు.

బర్రె ఎందుకంటే, ఆఫ్రికాలో గైడు మొదట పలికే మంత్రం బిగ్ ఫైవ్. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, కేప్ బఫెలో. చూడముచ్చటైనవని కాదు, నడిచిపోయి వేటాడటానికి మహా కష్టమైనవని పాత వేటగాళ్లు వేసిన లెక్క ఇది. కెన్యా 1977లో వేటనే నిషేధించింది. వేటగాళ్లు పోయారు, వాళ్ల లిస్టు ప్యాకేజీల్లో మిగిలింది. కేప్ బఫెలో అంటే కంగారు పడకండి. కొమ్ముల మొదళ్లు నడినెత్తిన కలిసిపోయి తలపాగా చుట్టినట్టుండే బర్రె. పాలు పిండటానికి వంగకపోతే చాలు.

ఇప్పుడు అసలు పాఠం, కోతి. పోయిన శ్రావణంలో మెట్ల దగ్గర చూశాను. కొబ్బరికాయల దుకాణం రేకుల మీద ఒక పెద్ద మగ కోతి కూర్చుంది. కుడి చెవి సగం చినిగి ఉంది. అది మనుషుల మొహాలు చూడటం లేదు, చేతులు చూస్తోంది. ఒకామె వచ్చింది, చంకకు హ్యాండ్‌బ్యాగు, చేతిలో నల్ల కవరు. కోతి దిగింది. పరుగు లేదు, గుర్రు లేదు, తీరిగ్గా నడిచి వచ్చింది. కవరు పిడి లాగితే ఆమె బిగించి పట్టుకుంటుందని దానికి తెలుసు. అందుకని కవరు అడుగును రెండు వేళ్లతో పట్టి జర్రున చింపింది. కొబ్బరికాయ దొర్లింది, అరటిపండ్లు పడ్డాయి. రెండు పండ్లు తొక్కతో సహా నోట్లో కుక్కుకుంది, దవడ కింద సంచులు ఉబ్బాయి. అగరొత్తుల ప్యాకెట్టు తీసి వాసన చూసి పక్కన పెట్టింది. కొబ్బరికాయను రాతి మీద రెండు సార్లు కొట్టి, పగలక, మళ్లీ వస్తా అన్నట్టు వదిలేసింది. ఆమె కొడుకు ఇదంతా ఫోన్‌లో వీడియో తీశాడు, తల్లి చెయ్యి పట్టుకోవడం మాత్రం మరిచాడు. దుకాణం ఆయన "కవరు కొంగు చాటున పెట్టుకోవాలె అక్కా, చెప్తనే ఉన్న" అని, "ఇంకో కాయ ఇయ్యనా?" అన్నాడు.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అని మిగతా ఊళ్లలో సామెత. ఇక్కడ దినచర్య.

ఈ పరీక్ష పాసయితే మారాలో లాడ్జి డైనింగ్ హాలు మీకు లెక్క కాదు. అక్కడ బాబూన్లు, వర్వెట్ కోతులు చేసేది ఇదే పని. ఎవరు నేర్పారని మాత్రం కోతిని అడగకండి. మంగళవారం, శనివారం మనమే అరటిపండ్లు కొని పుణ్యానికి పంచుతాం. సోమవారం మన మక్కచేనులో అదే కోతి కనబడితే పటాకులు కాలుస్తాం. ఏ రోజు దేవుడో ఏ రోజు దొంగో దానికి క్యాలెండర్ ఎవరూ ఇవ్వలేదు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలి (బి)లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పట్టుకొచ్చి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, మళ్లీ అడవిలో వదలాలని ఏర్పాటు. కొండగట్టుకు చాలామంది దంపతులు ఎక్కేది సంతానం కోసం. ఇది ఎవరి తప్పూ కాదు, ఊరికే చెప్తున్నాను.

కాస్త పైస్థాయి విద్యార్థులు తోకలు చూడండి. పొడవు తోక, నడినెత్తిన వెంట్రుకలు పాపిట తీసి టోపీ పెట్టినట్టు ఉంటే అది దక్షిణాది కోతి. ఎర్ర మొహం, కురచ తోక ఉంటే ఉత్తరాది రీసస్. ఈ రెంటికీ సరిహద్దు గోదావరేనని పాత పుస్తకాల మాట. ఉత్తరాదివి నది దాటి ఇటు రావడం మొదలుపెట్టి దశాబ్దాలయింది. వంతెనలు మనమే కట్టాం, పండ్ల లారీలు మనమే నడుపుతున్నాం. తోక చూసి ఏది ఏదో పోల్చుకోవడానికి మీకు పావుగంట పడుతుంది. ఆ పావుగంట కూర్చోగలిగితే సగం సఫారీ వచ్చేసినట్టే.

మహా వలస కూడా ఇక్కడ ఉంది. జూలై నుంచి అక్టోబరు దాకా సెరెంగెటీ నుంచి పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు మారా వైపు వచ్చి పోతాయి, మారా నది దాటేచోట మొసళ్లు కాచుకుని ఉంటాయి. చూడటానికి జనం ఎగబడతారు. మనకు చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. కాషాయ బట్టల్లో దీక్షాస్వాములు లక్షల్లో, ఊళ్లకు ఊళ్లు రాత్రంతా రోడ్ల వెంట నడిచి వస్తారు. తెల్లవారుజామున రోడ్డు పక్కన నిలబడి ఆ పాదాల చప్పుడు వినండి, ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి. ఇందులో వెటకారం లేదు. మొసళ్లు? ఆ రోజు కొబ్బరికాయ ధర అడిగి చూడండి.

సామాను సర్దే ముందు ఒకటి. కెన్యాకు పోవాలంటే పసుపు జ్వరం టీకా ఉండాలి. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు. టీకా వేసినట్టు ఇచ్చే పచ్చ పుస్తకం లేకుండా తిరిగొస్తే మన దేశమే మనల్ని ఆరు రోజుల దాకా విడిగా కూర్చోబెట్టవచ్చు. ఇంకోటి, కవర్లు. మామిడికాయ తొక్కు సీసాకు మూడు కవర్లు చుట్టే అలవాటు మనది. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017 ఆగస్టు నుంచి నిషేధం. 2020 జూన్ నుంచి పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే సీసా కూడా తీసుకుపోకూడదు. కాబట్టి పారేసే ముచ్చట ఏమన్నా ఉంటే ఇక్కడి ఘాట్ రోడ్డు మీదే తీర్చుకుని పోండి. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. అనాలి, కానీ అనరు.

చివరి పరీక్ష జన్నారంలో. గోదావరి దాటితే కవ్వాల్. 1965 నుంచి అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వు అయింది. బోర్డు మీద పులి ఉంది. ఆ ఒక్క పులీ ఖాయం. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి కాగజ్‌నగర్, ఆదిలాబాద్ వైపు వస్తుంటాయి. కొన్ని కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లల్ని కూడా పెట్టాయి. కవ్వాల్ నడిమికి వచ్చి కాపురం మాత్రం పెట్టడం లేదు. నేను పోయినప్పుడు మా జీపులో ఒకాయన అరగంటకే మొదలుపెట్టాడు: "పైసలు కట్టినం గద, పులేది?" గైడు పిల్లగాడు తల తిప్పకుండా "మనం వచ్చినట్టు పులికి ఎవ్వలు చెప్పలే సార్" అన్నాడు.

ఒకచోట జీపు ఆపించి పుట్ట చూపించాడు. ఒక పక్క కొత్తగా తవ్వి ఉంది. లోపలి మట్టి ఇంకా తడిగా, ఎర్రగా ఉంది. అంచున నాలుగు గోటి గీతలు, చిటికెన వేలు లోతు. గీతల్లో చెదపురుగులు తెల్లగా, ఇల్లు కూలిన హడావుడిలో ఉన్నాయి. "ఎలుగు. తెల్లారకముందు వచ్చింది" అన్నాడు. టేకాకుల మీద ఏదో రాలిన చప్పుడు. మాలో ఇద్దరు అటు తిరిగారు. మిగతావాళ్లలో ఒకామె "మట్టేనా?" అని అడిగింది. పులి అడిగినాయన సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఎలుగుబంటికీ మాకూ మధ్య దూరం నాలుగైదు గంటలు. అంత దగ్గరగా నేను ఏ జంతువు దగ్గరా నిలబడలేదు.

ఇలాంటిచోట గైడును ఒక ప్రశ్న అడక్కండి, ఇక్కడ ఊళ్లు ఉండేవి కదా అని. సెరెంగెటీ నుంచి మసాయిలను 1959లో పంపించేశారు. కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ గూడేలను తరలించారు. ఏ పుట్టను ఏ ఎలుగు ఏ నెలలో తవ్వుతుందో తెలిసినవాళ్లు బయటికి వచ్చారు. మట్టేనా అని అడిగేవాళ్లం టికెట్టు కొని లోపలికి పోతున్నాం.

మా బావ సంగతి చెప్తానన్నాను కదా. కొండగట్టు ఎక్కకుండానే ఆగస్టులో పోయొచ్చాడు. పద్నాలుగు వందల ఫోటోలు తెచ్చాడు. సింహాలు పండుకుని ఉన్నాయి, ఏనుగులు వెనక్కి తిరిగి ఉన్నాయి, చిరుత ఉన్నదని చెప్పే చెట్టు ఉంది. అక్క తీసిన ఫోటో ఒక్కటే చక్కగా వచ్చింది. లాడ్జి అరుగు, అరుగు మీద వర్వెట్ కోతి, దాని చేతిలో మా అమ్మ చేసిచ్చిన సకినాల డబ్బా. వెనక మా బావ, చెయ్యి చాచి, నోరు తెరిచి. కోతి రెండు కొరికి మిగతావి గడ్డిలో పారబోసిందట. అంజన్న కోతి అయితే నువ్వుగింజ కూడా వదిలేది కాదు.