క్యారియర్ లేని సైకిలు

ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పండక్కి తెచ్చిన ఆ సైకిల్ని మూడు రోజులుగా మన వీధరుగు మీద చూస్తున్నాను. దానికి స్టాండు లేదు, గోడకి ఆనించాల్సిందే. బెల్లు లేదు. మడ్‌గార్డు లేదు కనకే నిన్న కాలవ గట్టు మీంచి తిరిగొచ్చేసరికి నీ వీపంతా నడుం నుంచి మెడ దాకా బురద చార. అన్నిటికన్నా ముఖ్యం, వెనక క్యారియర్ లేదు. గేర్లు మాత్రం 21 ఉన్నాయట, ముందు చక్రానికి స్ప్రింగులట, కొండలెక్కే సైకిలట. మన రామచంద్రపురం చుట్టుపక్కల కొండెక్కడుందిరా? ధవళేశ్వరంలో జనార్దనస్వామి గుడున్న గుట్ట దిగితే సముద్రం దాకా గోదారి తెచ్చి పరిచిన ఒండ్రు నేలే కదా!

మా రోజుల్లో సైకిలంటే ఇంటికొకటి, అదీ కలిగిన ఇంటికి. మా నాన్నగారి నల్ల సైకిలు ఎత్తు నాకు భుజాల దాకా వచ్చేది. సీటు అందదు కనక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకి వొరిగిపోయి, పెడలు సగం తిప్పి సగం వెనక్కి లాగి నేర్చుకున్నాను. మోకాలి కింద మచ్చ ఇంకా ఉంది, కావాలంటే చూడు. రాత్రిపూట దీపం లేకుండా పోతే పోలీసు ఆపేవాడు. డైనమో కొనే స్తోమతు లేనివాళ్ళు చిన్న కిరసనాయిలు దీపం హ్యాండిలుకి తగిలించుకునేవారు. ఆ సైకిలు మీదే ధాన్యం బస్తా మిల్లుకెళ్ళేది, పురిటికొచ్చిన మా మేనత్త బస్సు దిగి ఇంటికొచ్చేది, మా నానమ్మ కార్తీక సోమవారం ద్రాక్షారామం వెళ్ళేది.

ఆ ప్రయాణం చెబుతాను విను. నానమ్మని క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చోబెట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరేవాణ్ణి. రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం ఎంత దూరం? నీ లెక్కన పావుగంట. మాకు గంటపైనే పట్టేది. దారిలో ప్రతి చెరువూ ఎవరు తవ్వించారో, ప్రతి మండువా ఇంటి ఆడపడుచూ ఏ ఊరికి కాపరానికెళ్ళిందో ఆవిడ చెప్పాలి, నేను వినాలి. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ పక్కన సైకిలు స్టాండేసి, తాళం కూడా వెయ్యకుండా లోపలికి పోయేవాళ్ళం. సప్తగోదావరి గుండంలో కాళ్ళు కడుక్కుని, భీమేశ్వరుణ్ణి కింద ఒకసారి, మెట్లెక్కి పైఅంతస్తులో ఒకసారి చూడాలి. ఆ లింగం రెండంతస్తుల ఎత్తు, అభిషేకం పైనుంచే చేస్తారు. తూర్పు చాళుక్య భీముడు కట్టించాడంటారు. గోడల మీద, స్తంభాల మీద వందల కొద్దీ శాసనాలున్నాయి. నానమ్మకి చదువు రాదు. అయినా ఆ అక్షరాల మీద వేళ్ళు ఆనించి, ఎవరో మహారాజు దీపానికి గొర్రెలిచ్చాడట్రా అని చెప్పేది. అఖండ దీపానికి నెయ్యి కోసం గొర్రెల్నిచ్చే దానాలు నిజంగానే ఆ శాసనాల్లో ఉన్నాయని పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది.

నిన్న నువ్వు ఆ గుడి ముందు నుంచే పోయావు. లోపలికి వెళ్ళావా అనడిగితే, ‘‘సైకిలు ఎక్కడ పెట్టను తాతయ్యా, నలభై వేలు’’ అన్నావు. నాకు ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. దిగి పక్కన పెట్టడానికి భయమేసే సైకిలు నిన్ను ఎక్కడికి తీసుకెళ్ళినట్టు? మణికట్టు మీద గడియారం చూపించి 92 కిలోమీటర్లన్నావు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెప్పావు. కోటిపల్లి రేవులో గోదారి ఎంత వెడల్పుందో అడిగితే మాత్రం చూళ్ళేదన్నావు.

కోటిపల్లి అంటే గుర్తొచ్చింది. కాకినాడ నుంచి అక్కడికి 1928లో రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక పట్టాలు పీక్కుపోయారు. మా చిన్నతనానికి మిగిలింది ఉత్త గట్టు. వరిచేల మధ్య తిన్నగా పోయే ఆ గట్టు మీద మేం సైకిళ్ళు తొక్కేవాళ్ళం. మట్టి రోడ్డు మీద ఎడ్లబళ్ళ గాడిలో చక్రం పడితే బయటికి రాదు, గట్టు మీదైతే ఆ బాధ లేదు. 1966 వేసవిలో మా మేనమామ కొడుకు క్యారియర్ మీద, నేను ముందు, కోటిపల్లి దాకా అలాగే పోయాం. సోమేశ్వరుడి గుడి అరుగు మీద మజ్జిగన్నం తిని, సైకిల్ని పడవలోకి ఎత్తించి, గౌతమీ పాయ దాటి ముక్తేశ్వరం రేవులో దిగాం. సైకిలుకి వేరే పైసలడిగితే మా బావ పడవ నడిపే ఆయనతో నది మధ్య దాకా బేరమాడాడు. ఆ పట్టాలు మళ్ళీ 2004లో వేశారు. రైలొచ్చినందుకు ఊరంతా సంబరపడింది, నేనూ స్టేషనుకెళ్ళి చూశాను. కానీ సైకిలు తొక్కిన గట్టు పోయింది. అది నాకిప్పటికీ లోటే.

మళ్ళీ అసలు సంగతికొస్తాను. నిరుడు మీ నాన్న నన్ను కార్లో ర్యాలి గుడికి తీసుకెళ్ళాడు. అక్కడికి నీలాంటి కుర్రాళ్ళు పదిమంది, ఒకే రంగు చొక్కాలేసుకుని ఈ కొండ సైకిళ్ళ మీదే వచ్చారు. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం సంగతి తెలుసుగా? ఒకే రాయి, ముందు నుంచి చూస్తే విష్ణుమూర్తి, వెనక్కి వెళ్తే మోహిని. వాళ్ళు ముందు నిలబడి దణ్ణం పెట్టి, గడియారాలు చూసుకుని వెళ్ళిపోయారు. వెనక్కి వెళ్ళి చూడండి నాయనా అని నేను కేకేసేలోపే మలుపు తిరిగిపోయారు. అంత దూరం తొక్కుకుంటూ వచ్చి, ఇంకో నాలుగడుగులు వెయ్యలేకపోయారు!

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయని నేననలేను. ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంక పోవాలంటే మాకు పడవే దిక్కు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట నీళ్ళాపింది గానీ, దాని మీద రోడ్డు లేదు. తర్వాత కట్టిన బ్యారేజీ మీద నువ్వు సైకిలు దిగకుండా గోదారి దాటేస్తున్నావు. పంచరు పడితే మేం కోసెడు దూరం తోసుకుంటూ పోయేవాళ్ళం, నువ్వు సంచిలోంచి సరంజామా తీసి గట్టు మీదే వేసుకుంటున్నావు. మా అక్కని ఒక్కరోజు కూడా సైకిలు ముట్టుకోనివ్వలేదు మా ఇంట్లో. ఆవిడ గుమ్మంలో నిలబడి మేం వెళ్ళే దాకా చూసేది. ఇవాళ మీ చెల్లి ఒక్కర్తీ రాజమండ్రి దాకా తొక్కుకుంటూ పోయొచ్చింది. ఆ మార్పు మాత్రం మా రోజుల్లోనే రావాల్సింది. అక్క ఉండుంటే చూసి మురిసిపోయేది.

కానీ ఒరేయ్, మీ చెల్లి సైకిలుకీ క్యారియర్ లేదు. మీ ఇద్దరివీ ఒక్క మనిషి కోసం చేసిన సైకిళ్ళు. తాపేశ్వరంలో ఆగి కాజాలు కట్టించుకొద్దామన్నా వాటికి పొట్లం పెట్టే చోటే లేదు. నువ్వు ఊళ్ళ మీదుగా పోతున్నావు గానీ ఏ ఊరూ నీ వెనకెక్కి కూర్చోవడం లేదు. మా రోజుల్లో దారిలో బడికెళ్ళే పిల్లాడు కనిపిస్తే, సంతకెళ్ళే ముసలమ్మ కనిపిస్తే ఎక్కించుకునేవాళ్ళం. వాళ్ళు దిగేసరికి ఆ ఊరి కాలవ పేరు, ఆ లాకుల పేరు, లంకలో ఆ ఏడు ఏ పంటేశారో అన్నీ తెలిసిపోయేవి.

నీ సైకిలు మంచిది కాదనను, నిన్న ఎత్తి చూశాను, తేలిగ్గా ఉంది. రామచంద్రపురం బజార్లో ఇంకా సైకిలు షాపు ఉంది, రేపు పొద్దున్నే వెళ్ళి దానికి సరిపడే క్యారియర్ ఒకటి బిగించమను. సరిపడేది లేదంటే రాజమండ్రి నుంచి తెప్పించమను, డబ్బులు నేనిస్తాను. ఈ కార్తీకంలో నువ్వొచ్చినప్పుడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ద్రాక్షారామం తీసుకెళ్ళు. నెమ్మదిగా తొక్కు, దారిలో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.