గ్రీన్ ఛానెలా, రెడ్ ఛానెలా?

మహారాజశ్రీ శంషాబాద్ విమానాశ్రయం కస్టమ్స్ అధికారి గారి దివ్యసముఖమునకు,

విమానం దిగినప్పుడల్లా టీవీ సౌండు పెంచుకునే ఇంట్లో కాపురముంటున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి చేసుకునే విన్నపం. ఇది సిఫార్సు ఉత్తరం కాదు. సందేహనివృత్తి కోసం రాస్తున్నది. బహిరంగంగా ఎందుకంటారా, ఈ సందేహం ఇవాళ నాకు వచ్చింది, రేపు మరో పదిమంది మామయ్యలకు రాబోతుంది.

అయ్యా, వచ్చే నెల మా మేనల్లుడు టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి వస్తున్నాడు. అమెరికా సూట్‌కేసుల్లో తమరు చూడనిదంటూ ఉండదు. ఫోన్లు, చాక్లెట్లు, బాదంపప్పు, విటమిన్ మాత్రలు, సెంటు సీసాలు. మావాడు వీటితోపాటు గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు వేసిన కామిక్ పుస్తకాలు తెస్తున్నాడు. స్పైడర్‌మ్యాన్, ఎక్స్‌మెన్ వగైరా. ఒక్కో డబ్బాలో ఒక్కో పుస్తకం. అట్ట మీద బొమ్మ వేసినాయన సంతకం, పైన పసుపురంగు చీటీ, చీటీ మీద 9.8 అనో 9.6 అనో ఒక అంకె. ఇర్వింగ్ అపార్ట్‌మెంటులో వీటికి చోటు లేదట, మా మేడ మీద గదిలో పెడతాడట. అమ్మేయరాదురా అంటే, "ఇప్పుడు అమ్మితే సంతకానికి పెట్టిన ఖర్చు కూడా రాదు మామయ్యా" అన్నాడు.

నా మొదటి సందేహం రంగుల గురించి. తమరి దగ్గర గ్రీన్ ఛానెల్ అంటే చెప్పుకోవాల్సిందేమీ లేదు, నిశ్చింతగా నడిచి వెళ్ళిపోవచ్చు. వాళ్ళ లోకంలో గ్రీన్ చీటీ అంటే చెప్పుకోవాల్సింది ఉందని. ఫ్లోరిడాలోని సారసోటాలో సీజీసీ అనే కంపెనీ ఉంది. 2000లో మొదలైంది. కామిక్ పుస్తకాన్ని దీపం కింద పెట్టి, పేజీలు లెక్కపెట్టి, వెన్ను మీద మడతలు, పిన్నుల దగ్గర తుప్పు, మూలల నలుగుడు చూసి 0.5 నుంచి 10 దాకా మార్కులు వేస్తుంది. మామూలు ప్రతికి నీలం చీటీ. మరమ్మతు చేసినదానికి ఊదా. సంతకం ఉన్నదానికి పసుపు, కానీ ఆ సంతకం వేస్తుండగా కంపెనీ గుర్తించిన సాక్షి కళ్ళారా చూసి ఉండాలి. సాక్షి లేని సంతకమా, అది అట్ట మీద ఎవరో గీసిన గీత కింద లెక్క. అలాంటివాటికి గ్రీన్ చీటీ అంటించేవారు. అంటే స్పైడర్‌మ్యాన్ కథలు రాసిన సాక్షాత్తూ స్టాన్ లీ నా కళ్ళ ముందే పెన్ను పట్టుకుని సంతకం చేసినా, పక్కన ఆ సాక్షి లేకపోతే నా పుస్తకం చెడిపోయినట్టే.

ఈ లెక్కన పసుపు చీటీవాడు ఏ దారిన రావాలో సెలవివ్వండి.

రెండోది, సుంకం పట్టికలో ఇది ఏ అధ్యాయం కిందికి వస్తుంది? అచ్చుపుస్తకాలు 49వ అధ్యాయం. 2019 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గారు దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం వేసినప్పుడు చదువుకునేవాళ్ళందరం గోలపెట్టాం. అయితే ఇది చదువుకోవడానికి పనికొచ్చేది కాదు. డబ్బా అంచులన్నీ అతికించేసి ఉంటాయి, తెరవడానికి లేదు. ముందు అట్ట కనబడుతుంది, వెనక అట్ట మీద ప్రకటన కనబడుతుంది, మధ్యలో కథ ఏమైందో ఎవరికీ తెలియదు. తెరవని పుస్తకాన్ని పుస్తకమనడానికి మనసొప్పకపోతే ప్లాస్టిక్ వస్తువుల 39వ అధ్యాయం ఉంది. కళాఖండాలు, సేకరణ వస్తువులు, పురాతన వస్తువుల 97వ అధ్యాయం మావాడికి ఇష్టం. కానీ పురాతనమనిపించుకోవాలంటే వయసు వందేళ్ళు దాటాలి. సూపర్‌మ్యాన్ తొలిసారి కనబడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికే 1938 నాటిది, దానికే ఇంకా నూరేళ్ళు నిండలేదు. మావాడివి మొన్నటివి.

ఇక అసలు చిక్కు విలువ కట్టడం. దీనికి కొంత వెనక్కి వెళ్ళాలి.

కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చున్న అమెరికా అంతా చిన్ననాటి అట్టపెట్టెలు దింపి చూసుకుంది. చేతిలో డబ్బుంది, బయట తిరగడానికి లేదు. ధరలు లేచాయి. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి వచ్చిన సంచిక ఒకటి 2021 సెప్టెంబరులో 36 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. అంతకు రెండు నెలల ముందు, సీజీసీ మాతృసంస్థలో మెజారిటీ వాటా కొంటున్నామని పెట్టుబడుల కంపెనీ బ్లాక్‌స్టోన్ ప్రకటించింది. ఆ ఒప్పందంలో మాతృసంస్థకు కట్టిన విలువ 50 కోట్ల డాలర్ల పైచిలుకు. గ్రేడింగుకు పంపితే తిరిగి రావడానికి నెలల తరబడి పట్టేది. మావాడు ఉద్యోగంలో కుదురుకున్నది ఆ రోజుల్లోనే.

తమరికి ఈ ప్రాంతం కొత్త కాకపోతే ఇది అర్థమవుతుంది. 2008 మార్చిలో ఇక్కడ మొదటి విమానం దిగకముందే, ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరమని రంగుల కాగితాలు పంచి ప్లాట్లు అమ్మారు. కొన్నవాళ్ళలో చాలామంది ఆ నేల మీద కాలు పెట్టలేదు. హద్దురాయి ఫొటో చూసుకుని, ఇంకొకరికి అమ్మేదాకా కాగితాలు బీరువాలో దాచుకున్నారు. మావాడు చేసిందీ అదే. తేడా ఒక్కటే, ప్లాటు మీద కనీసం గడ్డైనా మొలుస్తుంది.

సంతకం అయితే ధర ఇంకా పెరుగుతుందని ఎవరో చెప్పారు. అది ఎలా జరిగిందో వాడి నోట విన్నాక నాకు మతిపోయింది. బొమ్మ వేసినాయన ఒక ఊళ్ళో హోటల్ గదిలో కూర్చుంటాడు. దేశం నలుమూలల నుంచి పుస్తకాలు పెట్టెల్లో చేరతాయి. ఏ పుస్తకం మీద ఎక్కడ సంతకం చేయాలో ముందే గుర్తు పెట్టి ఉంటుంది, వెండి సిరానో నల్ల సిరానో కూడా రాసి ఉంటుంది. ఆయన వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోతాడు, సాక్షి చూస్తూ ఉంటాడు. అక్కడి నుంచి పుస్తకాలు నేరుగా గ్రేడింగుకు వెళ్ళిపోతాయి. కళాకారుడికి ఫీజు, మధ్యవర్తికి ఫీజు, గ్రేడింగు ఫీజు, రానూపోనూ పోస్టు, ఇన్సూరెన్సు. డబ్బు కట్టిన మావాడు ఆ కళాకారుణ్ణి చూడలేదు. ఆయన మావాణ్ణి చూడలేదు. చూసిన భాగ్యమంతా సాక్షిది.

ఇలా ఏళ్ళ తరబడి సాగితే సంతకం అపురూపం ఎలా అవుతుందండీ? స్టాన్ లీ 2018 నవంబరులో పోయేదాకా ఉత్సవం తర్వాత ఉత్సవంలో బారులు తీరిన జనానికి సంతకాలు పెడుతూనే ఉన్నాడు. ఇక కొత్తవి రావు నిజమే, ఉన్నవే కుప్పలు. పైగా సాక్షి లేని సంతకాలను కూడా దస్తూరీ నిపుణులు పరిశీలించి ఖరారు చేసే సేవలు వచ్చాయి. సాక్షి కోసం అదనంగా కట్టినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. కొత్త సంచికలను కొన్న రోజే కవరులో పెట్టి పంపేవాళ్ళు ఎక్కువయ్యాక 9.8 కూడా మామూలు మార్కే. క్లాసులో అందరికీ 98 వస్తే ర్యాంకు ఎవరికిస్తాం?

ఇంకో మాట తమరు గమనించాలి. 2024లో 60 లక్షల డాలర్లు పలికిన 'యాక్షన్ కామిక్స్' ప్రతి మీద సంతకం లేదు. 2025 నవంబరులో 91 లక్షలు దాటిన 'సూపర్‌మ్యాన్' మొదటి సంచిక మీదా లేదు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్‌ల సంతకాల్లో నిజంగా పేరుపడ్డవి ఒక చెక్కు వెనకాల ఉన్నాయి. 412 డాలర్ల చెక్కు. అందులో 130 డాలర్లు సూపర్‌మ్యాన్ హక్కుల కోసం 1938లో ఆ కుర్రాళ్ళిద్దరికీ ఇచ్చినవి. 2012లో ఆ కాగితం ఒక్కటీ లక్షా 60 వేల డాలర్లకు అమ్ముడైంది. అది అమ్మకం కోసం పెట్టించిన సంతకం కాదు, మోసపోతూ పెట్టినది. దాని వెనక కథ ఉంది కనుక కొన్నారు. మావాడి డబ్బా వెనక ఉన్నది పోస్టు రసీదు.

మనకూ సంతకాల మోజు లేకపోలేదు. అయితే మనవాళ్ళు దాన్ని అచ్చులోనే పంచిపెట్టారు. 1947 జులైలో మొదలైన చందమామకు వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రం చూడండి, మూలన 'వపా' ఉంటుంది. బాపు గారి కార్టూన్ కింద 'బాపు' ఉంటుంది. ఊళ్ళో కరణం గారి ప్రతిలో ఉన్న సంతకమే మంగలిషాపు బల్ల మీది ప్రతిలోనూ ఉండేది. దానికి సాక్షి అక్కర్లేకపోయింది. మా ఇంట్లో చందమామ బైండ్లు ఉన్నాయి. బైండు చేసినాయన అంచులు నున్నగా రావాలని కోస్తూ బొమ్మల చివర్లు కూడా కోసేశాడు, కొన్నిటికి అట్టలే లేవు, ఒకదాంట్లో భేతాళుడి మీద ఎవరో పెన్సిలుతో మీసాలు దిద్దారు. సారసోటాకు పంపితే 0.5 దగ్గరే ఆగిపోతాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు పరిచే పెద్దమనిషి గ్రేడింగు వేరు. వేళ్ళతో టకటకా తిప్పి "పేజీలు అన్నీ ఉన్నయి సార్" అంటాడు. అదే 9.8.

హైదరాబాద్‌లో కామిక్ కాన్ 2013 నుంచి ఉంది. హైటెక్స్‌లో జరుగుతుంది, వేషాలు, వీడియోగేముల హడావుడే ఎక్కువ. కానీ ఆ మూలల్లో మన దేశపు కుర్ర చిత్రకారులు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పుస్తకం కొంటే పేరేమిటని అడిగి, పేరు రాసి, పక్కన చిన్న బొమ్మ గీసి సంతకం పెట్టి ఇస్తారు. మావాడికి ఇది చెబితే కంగారుపడ్డాడు. "పేరు రాయించకు మామయ్యా, ధర పడిపోతుంది." నిజమేనట. ఆ మార్కెట్లో మీ పేరు రాసి ఉన్న పుస్తకం ఇంకొకరికి అక్కర్లేదు కాబట్టి విలువ తక్కువ. ఫలానావాడికి ప్రేమతో అని రాస్తే లోపం, ఎవరికీ కాకుండా రాస్తే ఆస్తి. ఈ సూత్రం మీద నడిచే సరుకు ఇన్నాళ్ళు నిలబడటమే వింత. పడిపోతోందంటే నేను కన్నీళ్ళు పెట్టను.

కనుక తమరు విలువ కట్టేటప్పుడు మావాడు కొన్న ధర పట్టించుకోకండి. అది వాడి కడుపుమంట. ఇవాళ్టి ధర అడిగితే వాడు ఫోను తీసి, పాత అమ్మకాల పట్టిక చూపించి, మొన్నటి ధరకూ నిన్నటి ధరకూ తేడా వివరించడం మొదలుపెడతాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళ మీద జాలి ఉంటే అడక్కండి.

చివరిగా తనిఖీ సంగతి. లోపల ఏముందో చూడాలంటే డబ్బా పగలగొట్టాలి. పగిలిన మరుక్షణం మార్కులు చెల్లవు. పగలగొట్టకపోతే లోపల ఉన్నది చీటీ మీద ఉన్నదేనని నమ్మాలి. ఆ నమ్మకానికీ దెబ్బ తగిలింది. డబ్బా దెబ్బతింటే కొత్త డబ్బాలోకి మార్చి ఇచ్చే సేవ ఒకటుంది. దాన్ని అడ్డం పెట్టుకుని ఎక్కువ మార్కుల చీటీ కింద తక్కువరకం ప్రతిని దూర్చి, కొత్త సీలు వేయించుకుని అమ్మిన వ్యవహారం 2023 చివర్లో బయటపడింది. అనుమానమున్న నంబర్ల జాబితాను కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది. సీలు వేసినవాళ్ళే తెలుసుకోలేనిది ఎక్స్‌రే తెర మీద చూసి తమరు తెలుసుకోవాలనడం అన్యాయం.

అందుచేత తమరికి ఏమాత్రం అనుమానం కలిగినా దయచేసి తెరిపించండి. మా తరఫున అభ్యంతరం లేదని ఈ ఉత్తరమే హామీ. వాడంతట వాడు తెరవడు, నేను తెరిస్తే జన్మలో మాట్లాడడు. ప్రభుత్వం తెరిస్తే ఎవరినీ అనడానికి ఉండదు. మూలల్లో సన్న స్క్రూడ్రైవరు దూర్చి మెల్లగా తిప్పితే విడిపోతుందట. క్యాబిన్ బ్యాగులో స్క్రూడ్రైవరును సెక్యూరిటీవాళ్ళు పోనివ్వకపోవచ్చు కాబట్టి, చెకిన్ సూట్‌కేసులో బాదంపప్పు కింద పెట్టమని మా అక్కయ్యతో చెప్పాను. వాడికి తెలియదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మేనమామ, శంషాబాద్